మిద్దె పక్కన మిద్దె: నంద్యాల, ఆళ్లగడ్డ వరస రాతి ఇళ్ళు ఎట్లా నిలబడ్డాయి, ఎందుకు పడిపోతున్నాయి

ఈ ఎపిసోడ్ కొంచెం పొడుగే ఉంటుంది. బండల గురించి కాబట్టి కొంచెం బరువుగా కూడా ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

మా బీటెక్ క్లాస్‌మేట్ ఒకడు ఇంగ్లండ్‌లో, బ్రాడ్‌ఫర్డ్ దగ్గర ఇల్లు కొన్నాడు. ఫోన్ చేసి, "టెర్రస్ హౌస్ రా, విక్టోరియా రాణి కాలం నాటిది, మొత్తం రాతి కట్టడం" అన్నాడు. "అయితే మిద్దె మీద వడియాలు పెట్టుకోవచ్చు గదరా" అన్నాను. మిద్దే లేదంట. పైన ఏటవాలుగా పలకల కప్పు ఉందంట. అక్కడ టెర్రస్ ఇళ్ళు అంటే ఒకదానికొకటి అతుక్కుని, మధ్య గోడ ఇద్దరికీ ఉమ్మడిగా ఉండే వరస ఇళ్ళు. మనకేమో టెర్రస్ అంటే ఇంటి పైభాగం, అంటే మిద్దె. మాట ఒకటే, వాళ్ళు అడ్డంగా చూస్తున్నారు, మనం పైకి చూస్తున్నాం.

వాడు ఇంకో మాట చెప్పాడు. వంటింటి కిటికీ పాతబడింది, మారుద్దామంటే స్థానిక కౌన్సిల్ అనుమతి కావాలంట. ఎందుకంటే ఆ వరస మొత్తం "లిస్టెడ్". ఇంగ్లండ్‌లో 1947 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం తర్వాత పాత కట్టడాలకి ఒక జాబితా తయారు చేయడం మొదలుపెట్టారు. గ్రేడ్ ఒకటి, గ్రేడ్ రెండు స్టార్, గ్రేడ్ రెండు అని మూడు మెట్లు. ఇవాళ ఆ జాబితాలో దాదాపు నాలుగు లక్షల ఎంట్రీలు ఉన్నాయి. కోటలు, చర్చిలు మాత్రమే కాదండీ, మిల్లు కూలీల ఇళ్ళు కూడా. మా వాడి ఇంటికి దగ్గర్లోనే సాల్టెయిర్ అని ఒక ఊరుంది. టైటస్ సాల్ట్ అనే ఉన్ని మిల్లు యజమాని తన పనివాళ్ళ కోసం కట్టించింది. మిల్లు 1853లో తెరిచారు, చుట్టూ ఎనిమిది వందలకు పైగా రాతి ఇళ్ళు వరసలు వరసలుగా లేచాయి. 2001లో దాన్ని యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టారు. అంటే కూలీ మనిషి ఇంటి వరస కూడా తాజ్‌మహల్ ఉన్న జాబితాలోనే ఉంది.

ఇది విన్నప్పటి నుంచీ నా బుర్రలో తిరుగుతున్నది ఒకటే. మన నంద్యాల పాత ఊర్లో, ఆళ్లగడ్డలో, చుట్టుపక్కల పల్లెల్లో ఉన్నవి కూడా టెర్రస్ ఇళ్ళే గదా? రెండర్థాల్లోనూ. గోడకి గోడ ఉమ్మడి, మిద్దెకి మిద్దె ఆనుకుని ఉంటుంది. చిన్నప్పుడు గాలిపటం తెగితే ఒక మిద్దె ఎక్కి వీధి చివరి ఇంటి దాకా కిందికి దిగకుండా పోయినవాళ్ళం. మరి ఈ ఇళ్ళ లెక్క ఎవరి దగ్గరుంది?

ఆ ప్రశ్నకి తర్వాత వస్తా. ముందు ఇల్లు ఎట్లా కడతారో చూద్దాం, ఎందుకంటే కట్టుబడి తెలియకపోతే మిగతాదంతా ఉత్త బాధపడటమే అవుతుంది.

మొదట రాయి. మన జిల్లా భూగర్భం గురించి నాకు బాగా నచ్చిన విషయం ఏమిటంటే, అక్కడ పొరల పేర్లన్నీ మన ఊళ్ళ పేర్లే. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లో కడప, కర్నూలు రాతి పొరల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. అప్పటికి విక్టోరియా గద్దె మీదే ఉంది. ఇవాళ ఏ జియాలజీ పుస్తకం తీసినా కర్నూలు గ్రూప్ అని ఉంటుంది. కింది నుంచి పైకి చదవండి: బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికన్నా పైన నంద్యాల షేల్. బస్సు కండక్టర్ స్టేజీలు పిలుస్తున్నట్టు ఉంటుంది.

ఇందులో మన ఇళ్ళకి ముఖ్యమైంది నార్జి సున్నపురాయి. నార్జి కడప జిల్లాలోని ఊరు, కానీ ఆ పొర బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు బాగా పైకి తేలి ఉంటుంది. మనం నాపరాయి, కడప బండ, బేతంచెర్ల రాయి అని ఎన్ని పేర్లతో పిలిచినా చాలావరకు ఇదే కుటుంబం. యాభై కోట్ల ఏళ్ళకు పైబడిన రాయి ఇది. అప్పటికి నేల మీద చెట్టనేదే లేదు. లోతు తక్కువ సముద్రం అడుగున సన్నటి సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడింది. అందుకే గనిలో బండని పగలగొట్టరు, విడదీస్తారు. పొర సందు చూసి గడారి పెట్టి మెల్లగా లేపితే, పుస్తకంలో పేజీ లేచినట్టు, అంగుళం రెండంగుళాల మందంతో పలక లేస్తుంది. రెండు వైపులా చదునుగా, రంపంతో పని లేకుండానే. కరెంటు, పాలిష్ యంత్రాలు లేని కాలంలో ఇంత చదునైన రాయి దొరకడం ఎంత అదృష్టమో, గ్రానైట్ ఊళ్ళవాళ్ళని అడగండి. అదే రాయి నీళ్ళకి కరిగి బెలుం గుహలయింది, అదే రాయిని కాల్చితే సున్నం, బట్టీలో వేస్తే సిమెంట్. మన జిల్లాలో ఇన్ని సిమెంట్ ఫ్యాక్టరీలు ఎందుకున్నాయని అడిగేవాళ్ళకి జవాబు కూడా ఇదే.

నంద్యాల ఊరు మాత్రం కుందూ లోయలో, నల్లరేగడి మీద ఉంది. కాబట్టి ఇక్కడి ఇళ్ళకి రాయి బండ్ల మీద రావల్సిందే. ఆళ్లగడ్డకి రాతితో ఇంకో సంబంధం ఉంది, అక్కడి శిల్పుల వీధిలో నడిస్తే ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. దేవుడి విగ్రహాలు చెక్కే పనికీ, ఇంటి గోడ కట్టే పనికీ రాయి వేరు, మనిషి వేరు. కానీ రాయిని చూసి దాని మనసు చెప్పగలిగే మనుషులు ఉన్న ఊర్లో గోడలు కూడా బాగుంటాయని నా నమ్మకం.

ఇప్పుడు గోడ. పాత మిద్దె ఇంటి గోడ రెండడుగులు, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువే ఉంటుంది. చూడ్డానికి ఒకే గోడలా ఉంటుంది గానీ అసలు అవి రెండు. బయటి ముఖానికి ఒక వరస పెద్ద రాళ్ళు, లోపలి ముఖానికి ఇంకో వరస, మధ్య సందులో చిన్న రాళ్ళు, బంకమట్టి. ఈ రెండు ముఖాలూ విడిపోకుండా అక్కడక్కడా గోడ మందం అంతా పట్టే పొడుగు రాయిని అడ్డంగా వేస్తారు. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి, చివర్లో దీని మీదే ప్రాణాలు ఆధారపడతాయి.

కప్పు. గోడ మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, దంతెల మీద నాప బండలు గానీ, బోద గానీ, దాని మీద అడుగు మందాన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. గది వెడల్పు పది పన్నెండు అడుగులు దాటకపోవడానికి కారణం ఎవరి పిసినారితనమూ కాదు, దూలం పొడుగు అంతే. నాప బండని కూడా రెండు మూడడుగుల దంతెల మధ్యే పరుస్తారు. ఎందుకంటే రాయి నొక్కుడుకి ఎంత బరువైనా మోస్తుంది గానీ, వంచితే టక్కున విరుగుతుంది. పెద్ద పడసాల కావాలంటే మధ్యలో కంబాలు నిలబెట్టాల్సిందే. సినిమాల్లో రాయలసీమ ఇల్లంటే స్తంభాలు చూపిస్తారు గదా, అవి దర్జా కోసం కాదండీ, లెక్క కోసం. (బనగానపల్లె దగ్గర అరుంధతి సినిమా తీసిన నవాబు బంగళా చూడ్డానికి జనం ఇప్పటికీ పోతుంటారు. ఆ దారిలోనే పల్లెల్లో ఉన్న మిద్దెల వైపు ఒక్క సెల్ఫీ కూడా తిరగదు. సరే.)

చౌడు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. పొలంలో చౌడు పడిందంటే రైతు తల పట్టుకుంటాడు, ఏమీ మొలవదు. అదే మట్టిని బండ్లతో తెచ్చి నెత్తిమీద పోసుకుంటాం. ఎందుకు? ఆ మట్టిలో సోడియం ఎక్కువ. మామూలు బంకమట్టిలో రేణువులు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉంటాయి, ఆ గుంపుల మధ్య సందుల్లోంచి నీళ్ళు దిగుతాయి. సోడియం ఎక్కువైతే తడి తగలగానే ఆ గుంపులు విడిపోయి, సన్నటి రేణువులు సందుల్లోకి చేరి మూసేస్తాయి. అంటే వాన పడేకొద్దీ కప్పు తనకు తానే బిగుసుకుంటుంది. చెరువుల అడుగున నీళ్ళు ఇంకకుండా సోడియం బెంటొనైట్ వేస్తారు చూడండి, సూత్రం అదే. పైగా ఏమీ మొలవదు కాబట్టి వేర్లు దిగి పగుళ్ళు పెట్టే బాధ కూడా లేదు. పొలానికి ఏది రోగమో, మిద్దెకి అదే మందు.

ఆళ్లగడ్డ దగ్గర ఒక పల్లెలో ఒక ముసలి బేల్దారిని కలిశాను. ఆయన పేరు చెప్పొద్దన్నాడు. "తాతా, ఏటా చౌడు పోస్తే సరిపోతుందా?" అని అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "పోసేది కాదు నాయనా, ముందు గీకల్ల. పాతది గీకి దింపి, వాలు సూసుకోని, అప్పుడు కొత్తది పోయల్ల. ఇప్పుడు ఎవురు గీకుతాండారు? పైన పైన పోసి దిగొస్తాండారు. దూలం ఎన్నాళ్ళు మోస్తాది?" అన్నాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడుగు ఉన్న గది మీద ఒక్క అంగుళం మట్టి పోస్తే దాదాపు ముప్పావు టన్ను. గీకకుండా పదేళ్ళు పోస్తే, వానకి కొట్టుకుపోయింది పోగా సగం మిగిలినా, మూడు నాలుగు టన్నుల అదనపు బరువు మీ మంచం మీద వేలాడుతున్నట్టు. తాత మాటలో అంకెలు లేవు గానీ లెక్క కరెక్టే.

ఇంక చల్లదనం. "పాత ఇల్లు చల్లగా ఉంటుంది" అని అందరూ అంటారు, ఎందుకో ఎవరూ చెప్పరు. ఎండ వేడి గోడ బయటి ముఖానికి తగిలి, లోపలి ముఖానికి చేరడానికి టైం పడుతుంది. ఆ టైం మందాన్ని బట్టీ, పదార్థాన్ని బట్టీ ఉంటుంది. పైథాన్‌లో నాలుగు లైన్లు రాశాను. రెండడుగుల సున్నపురాయి గోడకి సుమారు 15 గంటలు వచ్చింది. అంటే మధ్యాహ్నం 2 గంటల వేడి లోపలికి తెల్లవారుజామున 5 గంటలకి చేరుతుంది, అదీ దాదాపు ఏమీ మిగలకుండా. అడుగు మట్టి కప్పుకి సుమారు 10 గంటలు. ఐదంగుళాల కాంక్రీట్ స్లాబుకి మూడున్నర గంటలు మాత్రమే. కప్పు పైముఖం పగలూ రాత్రీ మధ్య 35 డిగ్రీలు ఊగితే, మట్టి కప్పు కింద ఆ ఊపు మూడు డిగ్రీలకి పడిపోతుంది, స్లాబు కింద 14 డిగ్రీల దాకా మిగులుతుంది. ఇది ఆదర్శ లెక్క, తలుపులు తీస్తారు, పొయ్యి వెలిగిస్తారు, అంకెలు అటూ ఇటూ అవుతాయి. కానీ నంద్యాల మే నెలలో సాయంత్రం ఐదున్నరకి స్లాబు కింద ఫ్యాను వేడి గాలి కొడుతుంది చూడండి, ఆ మూడున్నర గంటలు అక్కడ కనపడతాయి.

మట్టి కప్పు వేడి అర్ధరాత్రికి గదిలోకి దిగుతుంది. ఆ టైంకి మన పెద్దవాళ్ళు ఎక్కడ పడుకునేవాళ్ళు? మిద్దె మీద. ఇల్లు వేడెక్కే వేళకి ఇంట్లో మనుషులే లేరు. ఇల్లు, అలవాటు రెండూ కలిపి ఒకే డిజైన్.

వరస ఎందుకనే దానికి కూడా ఇదే సమాధానంలో సగం ఉంది. రెండు పక్కలా ఉమ్మడి గోడలుంటే ఎండ తగిలేది ముందు, వెనక, పైన మాత్రమే. రాయి ఖర్చు ఒక గోడ తగ్గుతుంది. ఇబ్బంది కూడా ఉంది, పక్క గోడలకి కిటికీ పెట్టలేరు. అందుకే మిద్దెకి గవాచి. కప్పులో బొక్క పెట్టి వెలుతురు దింపి, పొగ పంపించి, వాన వస్తే పైన బండ మూసేస్తారు. వానలో పరిగెత్తి మిద్దెక్కి గవాచి మూసే పని పిల్లలదే.

మరి వీటిని విక్టోరియా కాలం ఇళ్ళు అనొచ్చా? కాలం ప్రకారం కొన్నిటిని అనొచ్చు, పద్ధతి ప్రకారం అనలేం. ఆమె 1837లో రాణి అయింది. 1839లో కర్నూలు నవాబుని దింపి కంపెనీ వాళ్ళు రాజ్యం కలుపుకున్నారు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఉరి తీశారు. 1858లో కర్నూలు జిల్లా అయింది. ఆమె కాలం మన దగ్గర రాతిలో వదిలిన పెద్ద గుర్తు ఇల్లు కాదు, కాలువ. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో మొదలుపెట్టి 1870కి తవ్విన కేసీ కెనాల్, సుంకేసుల నుంచి నంద్యాల మీదుగా కడప దాకా. పడవలు కూడా నడుపుదామనుకున్నారు, లాభం రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసింది. మన మిద్దెలు మాత్రం వాళ్ళని చూసి నేర్చుకున్నవి కావు. వాళ్ళు రాకముందు నుంచీ ఉన్న పద్ధతి, వాళ్ళు పోయాక కూడా చాలా ఏళ్ళు సాగింది.

ఇప్పుడు లిస్టు సంగతి. మన మిద్దె ఏ జాబితాలోనూ లేదనుకునేవాణ్ణి. ఉందండీ. 2011 జనాభా లెక్కల్లో ఇంటి కప్పు దేంతో చేశారని అడిగే కాలమ్ ఉంది. అందులో మొదటి కోడ్ ఏమిటో తెలుసా? గడ్డి, కొబ్బరాకు, వెదురు, కర్ర, మట్టి, అన్నీ కలిపి ఒకటే. అంటే అడుగు మందం మట్టి, టేకు దూలాలు, రెండడుగుల రాతి గోడలున్న మిద్దె, పొలంలో వేసుకున్న గడ్డి గుడిసె, కప్పు కాలమ్‌లో రెండూ ఒకటే. గోడకి వేరే కోడ్: రాయే గానీ సున్నం సిమెంట్ లేకుండా కట్టిందా, ఉండి కట్టిందా అని. బంకమట్టి కట్టుబడి ఎటు పోతుందో మీరే ఊహించుకోండి. ఇంగ్లండ్‌లో ఇల్లు లిస్టులో ఉందంటే అనుమతి లేకుండా కూల్చలేరు. మన దగ్గర ఇల్లు "కచ్చా" లిస్టులో ఉందంటే, కూల్చి పక్కా ఇల్లు కట్టుకోవడానికి అదే మొదటి మెట్టు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్‌లో అర్హత చూసేది కచ్చా గోడ, కచ్చా కప్పు ఉన్నాయా అనే. నేను ఆ పథకాన్ని తప్పుపట్టడం లేదు, కారుతున్న ఒంటి గదిలో ఉన్న కుటుంబానికి స్లాబు ఇల్లు వస్తే మంచిదే. కానీ మంచి మిద్దెకీ, పాడైన గుడిసెకీ మధ్య తేడా చెప్పే గడి ఆ ఫారంలో లేదు, అది నిజం.

స్మారక కట్టడాల చట్టం ఉంది గదా అంటారు. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం కనీసం వందేళ్ళు ఉండాలి, జాతీయ ప్రాముఖ్యం ఉందని ప్రకటించాలి. దేశం మొత్తమ్మీద అట్లా కేంద్రం కాపాడుతున్నవి 3,700 లోపే. 2010 సవరణతో వాటి చుట్టూ 100 మీటర్లు కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రణ. ఇది గుడికి, కోటకి సరిపోయే చట్టం. మనుషులు కాపురం ఉంటున్న ఇంటికి వేస్తే ఆ వీధి మొత్తం ఉక్కిరిబిక్కిరి అవుతుంది. నన్నడిగితే నేను మిద్దెల్ని అట్లా లిస్టు చేయమని అడగను. డబ్బు సాయం లేకుండా అనుమతుల భారం ఒక్కటే పెడితే, ఓనరు రాత్రికి రాత్రే కూల్చేస్తాడు.

అసలు ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో ఇప్పుడు చెప్తా. ఆళ్లగడ్డలో మా మామ, అంటే మా అమ్మ అన్న, ఉండేది ఇట్లాంటి నాలుగిళ్ళ వరసలో. ఆయనది మూడోది. రెండో ఇంటివాళ్ళు పోయిన ఎండాకాలం ఇల్లు కూల్చి పునాదులు తవ్వారు. ఉమ్మడి గోడని మాత్రం వదిలారు, వదలక తప్పదు కాబట్టి. వానాకాలం వచ్చేసరికి మా మామ పడసాలలో, ఆ గోడ మీద, చేయి పట్టేంత కాకపోయినా వేలు పట్టే చీలిక వచ్చింది. అత్త రాత్రిళ్ళు ఆ గదిలో పడుకోవడం మానేసింది. మా మామ ఫోన్ చేసి, "ఏమ్‌రా అల్లుడూ, ఈడియోలు చేస్తుంటావు గదా, ఈ ఇల్లు ఉంటాదా పోతాదా చెప్పు" అన్నాడు.

ఆ గోడకి ఏమైందో చూడండి. ఇన్నేళ్ళూ రెండు వైపులా దూలాలు ఆ గోడ మీద ఆనుకుని ఉన్నాయి. బరువు మధ్యలో పడేది. ఒక వైపు కప్పు తీసేసరికి బరువు మా మామ వైపు ముఖం మీదే పడింది. రెండోది, పక్కింటి దూలాలు పీకిన చోట బొక్కలు అట్లాగే వదిలేశారు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఇన్నేళ్ళూ ఇంటి లోపల ఉన్న ముఖం ఇప్పుడు వానకి బయటపడింది. లోపలి ముఖానికి సందులు సరిగ్గా పూడ్చి ఉండరు, వాన ఎప్పుడూ తగలదు కాబట్టి. బంకమట్టి కడిగేసుకుపోతోంది.

కాలనీలో ఒక ఇంజనీరు సిమెంట్ ప్లాస్టరు కొట్టించమన్నాడంట. నేను వద్దన్నాను. మట్టి కట్టుబడి గోడ తడి పీల్చుతుంది, వదులుతుంది, కొంచెం కదులుతుంది. సిమెంట్ పొర కదలదు, కాబట్టి పగులుతుంది. పగుల్లోంచి నీళ్ళు లోపలికి పోతాయి, బయటికి ఆరే దారి ఉండదు. పైకి నున్నగా ఉంటుంది, లోపల మట్టి మెత్తబడుతుంది. సున్నం అయితే తడిని ఆరనిస్తుంది. గానుగ సున్నం ఆడించేవాళ్ళు దొరకడం కష్టమే, కానీ దొరుకుతారు.

ఇక్కడ నాకు నచ్చని విషయం కూడా చెప్పాలి. మిద్దె ఇల్లు గొప్పది, కాపాడుకుందాం అని చెప్పేవాళ్ళు ఒక తేదీ చెప్పరు. 1993 సెప్టెంబర్ 30, మహారాష్ట్రలో లాతూర్ జిల్లా కిల్లారి. తెల్లవారుజామున భూకంపం వచ్చింది, దాదాపు పది వేల మంది చనిపోయారు. అక్కడి ఇళ్ళు ఎట్లాంటివి? మందపాటి రాతి గోడలు, మట్టి కట్టుబడి, పైన బరువైన మట్టి కప్పు. మన ఇళ్ళకి అన్నదమ్ముల్లాంటివి. రెండు ముఖాలు విడిపోయి, గోడ ఉబ్బి, కప్పు మీద పడింది. ముందే చెప్పానే, గోడ మందం అంతా పట్టే అడ్డ రాయి, అది చాలినన్ని చోట్ల లేకపోవడం పెద్ద కారణం. మనది జోన్ రెండు, తక్కువ ప్రమాదం అంటారు. కిల్లారి అప్పటి మ్యాపులో అన్నిటికన్నా తక్కువ జోన్‌లోనే ఉంది. ఆ తర్వాతే, 2002లో, ఒకటో జోన్ అనేదాన్నే ఎత్తేసి రెండులో కలిపారు.

1993లోనే బీఐఎస్ వాళ్ళు తెచ్చిన ఐఎస్ 13828 అనే ప్రమాణం ఇట్లాంటి గోడల గురించే. ఎత్తులో ప్రతి 60 సెంటీమీటర్లకీ, పొడుగులో 1.2 మీటర్లకి మించకుండా ఒక అడ్డ రాయి ఉండాలంటుంది. పాత గోడలో లేకపోతే, జాగ్రత్తగా ఒక్కో రాయి తీసి, ఆ బొక్కలో ఇనుప కడ్డీ పెట్టి కాంక్రీట్ నింపి రెండు ముఖాల్నీ కుట్టినట్టు కట్టొచ్చు. కిల్లారి తర్వాత మరఠ్వాడాలో ఇట్లా బాగు చేశారు. సిమెంట్ వద్దన్నావు గదా ఇప్పుడే అంటారేమో. గోడ ముఖం మూసేయడానికి వద్దన్నాను, గోడని కట్టి ఉంచడానికి అక్కడక్కడా వాడటం వేరు.

మా మామకి మేము చేయించింది ఇది. ముందు దూలాల బొక్కల్ని రాయితో బిగించి పూడ్చాం. బయటపడ్డ ముఖానికి సందుల్లో సున్నం దట్టించి, పైన గోడ నెత్తి మీద నాప బండలు కొంచెం బయటికి చాచి పరిపించాం, వాన గోడ మీద కారకుండా. మిద్దె మీద తొమ్మిది అంగుళాలు అదనంగా పేరుకున్న పాత మట్టి గీకి దింపించాం. నాలుగు రోజులు పట్టింది, ఏడు ట్రాక్టర్లు నిండాయి. చీలికకి అడ్డంగా చిన్న గాజు ముక్కలు అతికించి తేదీ రాశాం. గోడ ఇంకా కదులుతుంటే గాజు విరుగుతుంది. మీ ఇంట్లో చీలిక ఉంటే ఇది మీరే చేసుకోవచ్చు, పది రూపాయలు కూడా కాదు.

పక్కింటివాళ్ళతో మాట్లాడటానికి మాత్రం ఒక చట్టం ఉపయోగపడింది, అది నిజంగానే విక్టోరియా కాలం నాటిది. 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం. వెలుతురు, గాలి, పక్క కట్టడం నుంచి వచ్చే ఆధారం, ఇవి ఇరవై ఏళ్ళు అడ్డు లేకుండా అనుభవిస్తే హక్కు అవుతాయని అందులో 15వ సెక్షన్. మా మామ కోర్టుకి పోలేదు. ఆ మాట పెద్దమనుషుల ముందు చెప్పేసరికి, పక్కింటాయన కొత్త పునాదిని ఉమ్మడి గోడ నుంచి జరిపి తవ్వడానికి ఒప్పుకున్నాడు. వరస ఇళ్ళలో ఉంటున్నవాళ్ళు ఎవరైనా కూల్చే ముందు, పక్కవాళ్ళని పిలిచి దూలాలు ఎటు ఆనుకున్నాయో కలిసి చూసుకోండి. ఒక దూలం మీ ఇంటిదే అయినా అవతలి గోడకి అది బిగింపు కావచ్చు. కూల్చేది ఎండాకాలం మొదట్లో పెట్టుకుంటే, వానలోపు బయటపడ్డ ముఖాన్ని మూసే టైం ఉంటుంది.

గాజు ముక్కలు పెట్టి ఇప్పటికి ఐదు నెలలు. మొత్తం ఆరు పెట్టాం. గడప దగ్గరున్న ఒకటి విరిగింది, మిగతా ఐదు అట్లాగే ఉన్నాయి. ఆ విరిగిన చోట అడ్డ రాయి లేదని తట్టి చూసిన బేల్దారి చెప్పాడు, వచ్చే నెల అక్కడ కడ్డీ వేయిస్తున్నాం. అత్త ఇంకా పడసాలలో పడుకోవడం లేదు. కడ్డీ పడ్డాక చూద్దామంటోంది. కడ్డీ వేసే పని మొత్తం వీడియో తీస్తాను, ఎంత ఖర్చయిందో బిల్లులతో సహా పెడతాను.